రెండోసారి ఎత్తుకున్న పల్లవి

మా ఊరి అమ్మవారి తీర్థంలో ఈ ఏడు కోలాటం జడ చిక్కుపడింది. ఎవరినడిగినా అది మా అక్క తప్పేనంటారు. ఆవిడ కూడా అదే చెబుతుంది. కాదు, ఆ తప్పు నాది. ఊళ్ళో ఈ మాట నోరు విప్పి చెప్పే వీలు లేదు కాబట్టి ఇలా కాగితం మీద పెడుతున్నాను.

అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. మామగారి ఇంటికి మధ్యలో గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. అటు ఆవిడ పోపు వేస్తే ఇటు నేను తుమ్ముతాను. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆవిడతో నాకున్న గొడవల్లా ఒక్కటే, పాట. తెల్లారి లేచింది మొదలు గిన్నెలు తోముతూ, బట్టలారేస్తూ, బియ్యం ఏరుతూ పాడుతూనే ఉండేది. ఈవిడ నోటికి తాళం వెయ్యలేరా అని మా ఆయన మీద విసుక్కునేదాన్ని. తర్వాత తర్వాత అలవాటైపోయింది. ఒక్కరోజు పాట వినపడకపోతే ఒంట్లో బాగోలేదేమోనని గోడవతలికి కేకేసేదాన్ని.

ఊళ్ళో ఆవిడ పేరు సగం మందికి తెలియదు. పాటలావిడ అంటే చాలు. ఎవరింట్లో సీమంతమైనా, పిల్ల పెద్దమనిషైనా, పెళ్ళికూతుర్ని చేస్తున్నా మొదటి కబురు ఆవిడకే. చదువు పెద్దగా లేదు, పొలం మా అందరికీ ఉన్నంతే, మనిషి చూడ్డానికి మామూలుగా ఉంటుంది. కానీ పేరంటంలో ఆవిడ గుమ్మంలోకి రాగానే ఎంతటివాళ్ళయినా జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆ మర్యాదంతా గొంతుది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

కొన్నేళ్ళ కిందట కొవ్వూరు వైపునుంచి ఒక గురువుగారొచ్చి మా ఆడవాళ్ళకి కోలాటం నేర్పారు. నాకు నోరెక్కువ కాబట్టి నన్ను ముందు నిలబెట్టారు. అక్కకి పాట అప్పజెప్పారు. ప్రతి వేసవిలోనూ తీర్థానికి మేము జడ కోలాటం ఆడాల్సిందే. గుడి ముందు రాట పాతి, దాని పైన చక్రానికి రంగురంగుల తాళ్ళు కడతారు. తలా ఒక తాడు ఎడంచేత్తో, కర్ర కుడిచేత్తో పట్టుకుని పాటకి లోపలికీ బయటికీ తిరుగుతుంటే పైనుంచి జడ అల్లుకుంటూ వస్తుంది. సగం పాటకి అల్లాలి, మిగతా సగానికి విప్పాలి. విప్పాకే అమ్మవారి గరగలు, ఆ అలంకరించిన కలశాలు, నెత్తికెత్తుకుని డప్పుల మీద ఊరేగింపు బయల్దేరుతుంది. అల్లిన జడని విప్పకుండా దించడం మా ఊళ్ళో లేదు.

ఆట మొత్తం పాటని బట్టే నడుస్తుంది. పల్లవికి లోపలికి, చరణానికి బయటికి. మధ్యలో ఎవరైనా అడుగు తప్పితే అక్క చరణంలోకి వెళ్ళదు. తాళాలున్న చెయ్యి కొంచెం పైకెత్తి పల్లవి మళ్ళీ అందుకుంటుంది. చెయ్యి లేచిందంటే ఎవరూ కదలకూడదు, ఉన్నచోటే అడుగులు వెయ్యాలి. తప్పినావిడ ఈలోగా తన చోటుకి వచ్చేస్తుంది. చూసేవాళ్ళకి అసలు తప్పు జరిగినట్టే తెలియదు. ఆ చెయ్యిని కనిపెట్టుకుని ఉండటం ముందున్న నా పని. వెనకవాళ్ళు నన్ను చూస్తారు, వీలైనవాళ్ళు ఆవిడనీ చూస్తారు.

పోయిన ఏడాది తీర్థం అయిన తర్వాత అక్కకి రాజమండ్రిలో థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గడ్డ తీసేశారు, ప్రమాదం లేదన్నారు. గొంతు మాత్రం మెల్లగా వస్తుందన్నారు. మెల్లగానే కాదు, అసలు రాలేదు. మాట్లాడితే పర్వాలేదు, కొంచెం బొంగురు. పాట ఎత్తుకుంటే కింద బాగానే ఉండేది, పైకెళ్ళేసరికి గొంతు చీలి గాలి ఒక్కటే వచ్చేది. మిరియాల పాలని, అతిమధురమని, ఎవరేది చెబితే అది మింగింది. సంక్రాంతికి ముగ్గులప్పుడు పాడమంటే జలుబంది. తర్వాత పెళ్ళిళ్ళ రోజుల్లో కబురొచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక చెప్పింది. నాతో మాత్రం ఒకసారి అంది.

"ఈ ఏడు అమ్మవారి దగ్గర పాడేస్తే నా గొంతు నాకొచ్చేసినట్టేనే. అప్పటిదాకా ఇంకెక్కడా పాడను."

ఆవిడకి అది మొక్కు. నేను తల ఊపాను. అప్పుడు మనస్ఫూర్తిగానే ఊపాను, అది నిజం.

వైశాఖం ఎండల్లో, కాలవలు కట్టేశాక మా అరుగు మీద ప్రాక్టీసు మొదలుపెట్టాం. అక్క అరుగు చివర కూర్చుని తాళాలు వేస్తూ పాడేది. పల్లవి బండిలా నెమ్మదిగా లాక్కొచ్చేది, చరణంలో పై మాట దగ్గర ఆగిపోయి దగ్గేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఒకరోజు మాత్రం వెనక వరసలో ఇద్దరు కిసుక్కుమని నవ్వారు. నేను వెనక్కి తిరిగి ఉరిమి చూశాను. అక్కకి వినపడిందో లేదో తెలియదు, తాళం ఆపలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్క మీద జాలితో అనుకుంటే పొరపాటు. ఈసారి ధవళేశ్వరం నుంచి కూడా ఒక కోలాటం జట్టు వస్తోంది. మేము కొత్త చీరలు తీసుకున్నాం, పసుపు మీద ఎర్ర అంచు. వీడియో తీసి ఇంటర్నెట్లో పెట్టడానికి మనిషిని మాట్లాడారు. అందులో ఈ చీలిపోయే గొంతు వినిపిస్తుందని నా బెంగ. జట్టు ముందున్నది నేనని, నా పరువు పోతుందని. సిగ్గుతో చస్తున్నాను, కానీ జరిగింది ఇదే.

నా ఫోనులో పోయిన ఏడాది పాట ఉంది. ఆపరేషన్‌కి ముందు ఇదే అరుగు మీద ప్రాక్టీసు చేస్తుంటే, జంగారెడ్డిగూడెంలో ఉన్న మా చెల్లెలికి పంపిద్దామని గట్టు మీద ఫోను పెట్టి రికార్డు చేశాను. వంటింట్లో ఫ్యాను పెద్దది చేసి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. గొంతు గంటలా ఉంది. సగం అయిందో లేదో గోడవతలనుంచి "ఏమే, కరివేపాకుందా" అని కేక వినపడింది. దొంగలా ఫోను కట్టేసి కొంగులో దాచుకున్నాను. మిగతా సగం మళ్ళీ వినలేదు. విని ఉంటే ఇంత జరిగేది కాదు.

తీర్థానికి ముందురోజు మైకుసెట్టాయనకి ఆ పాట ఇచ్చాను. పక్క చప్పుళ్ళు తీసేసి శుభ్రం చేసి పెన్‌డ్రైవ్‌లో వేస్తానన్నాడు.

"పాడే ఆవిడ కూర్చుంటుంది. ఆవిడ ముందు మైకు పెట్టండి, కానీ కట్టేసి ఉంచండి. తాళాల దగ్గరున్నది మాత్రం తెరవండి" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. "ఆవిడకి తెలుసాండి?"

"తెలుసండి. మేమిద్దరం అనుకున్నదే."

ఇంత పచ్చి అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నోట్లోంచి. అక్కకి ఎలా చెప్పాలో తెలియక కాదు. చెబితే ఒప్పుకోదని తెలిసి చెప్పలేదు. జనంలో, బాక్సుల హోరులో ఆవిడకి పట్టదులే, తనే పాడాననుకుంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పాటలో పుట్టి పెరిగిన మనిషి తన గొంతు తను పోల్చుకోలేదని ఎలా అనుకున్నానో. నా బుద్ధి గడ్డి తింది.

తీర్థం రోజు సాయంత్రం ఎండ తగ్గేసరికి గుడి ముందు ఇసక వేస్తే రాలనంత జనం. జీళ్ళ కొట్లు, గాజుల కొట్లు, ఐసు బళ్ళు, పిల్లల బూరాల చప్పుడు. గుడి మెట్ల మీద గరగలు సిద్ధంగా పెట్టుకుని డప్పులవాళ్ళు మాకోసం చూస్తున్నారు. అక్క కొత్త చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. మైకు ముందు కూర్చోబోతూ నా చెయ్యి పట్టుకుంది. "భయంగా ఉందే" అంది. "ఏం కాదక్కా, నువ్వు పాడు" అన్నాను.

అక్క కళ్ళు మూసుకుని అమ్మవారికి దణ్ణం పెట్టుకుని పల్లవి ఎత్తుకుంది. అదే క్షణానికి బాక్సుల్లోంచి పాట వచ్చింది. నేను అటు చూశాను. ఆవిడ కళ్ళు తెరిచి ముందు మైకుని చూసింది, తర్వాత బాక్సుని చూసింది, తర్వాత నన్ను చూసింది. పెదాలు అలాగే ఆగిపోయాయి. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. లేవలేదు. తాళాలు అందుకుని పాటకి సరిగ్గా కలిపింది, పెదాలు మళ్ళీ కదిపింది. చూసేవాళ్ళకి ఆవిడే పాడుతోంది. నన్ను అంతమందిలో నిలబెట్టి కడిగెయ్యాల్సిన మనిషి, నా పరువు కాపాడుతూ కూర్చుంది.

ఆ తర్వాత నేను ఆవిడ వైపు చూడలేకపోయాను. మొహం చెల్లలేదు. నా కాళ్ళే చూసుకుంటూ ఆడాను. జడ అందంగా అల్లుకుంటూ వచ్చింది. జనం ఈలలు, చప్పట్లు. విప్పడం మొదలుపెట్టాం. సగం విప్పేశాం. ఒక పల్లవి అయింది, ఇక చరణం రావాలి, బయటికి తిరగాలి. చరణం రాలేదు. పల్లవే మళ్ళీ వచ్చింది.

పల్లవి వినపడగానే నేను లోపలికి వెళ్ళిపోయాను. నా వెనక ఇద్దరు ముగ్గురు నాతో వచ్చారు. మిగతావాళ్ళు ఉన్నచోటే నిలబడి అడుగులు వేస్తున్నారు. ఎందుకు నిలబడ్డారా అని తలెత్తి చూస్తే అక్క చెయ్యి పైకెత్తి ఉంది. ఎప్పుడెత్తిందో. నేను చూడాల్సిన చెయ్యి. ఈలోగా చరణం వచ్చేసింది, ఒకళ్ళు బయటికి, ఒకళ్ళు లోపలికి. తాళ్ళు ఒకదాని కింద ఒకటి దూరి బిగుసుకుపోయాయి. పాట మాత్రం దాని మానాన అది పోతూనే ఉంది. ఎవరో కేకేస్తే మైకుసెట్టాయన ఆపాడు, అక్క కూడా అప్పుడే పెదాలు ఆపింది.

ఎంత సర్దినా చిక్కు రాలేదు. లాగినకొద్దీ ముడి బిగిసింది. మెట్ల మీద డప్పులవాళ్ళు లేచి నిలబడ్డారు. పెద్దలొచ్చి చూసి, పొద్దు పోతోందని, రాట పైనుంచి చక్రం ఊడదీసి జడని అలాగే దించి గోనెసంచిలో పెట్టించారు. "ఎప్పుడూ ఇలా జరగలేదమ్మా" అన్నారు ఒక పెద్దాయన. అందరూ విన్నారు.

తర్వాత ఆడవాళ్ళంతా అక్క చుట్టూ మూగారు. "గొంతు మళ్ళీ వచ్చేసిందండీ, ఆపరేషన్ అయిన మనిషంటే ఎవరూ నమ్మరు, అమ్మవారి దయ" అని ఒకళ్ళు. "గొంతుకేం, బంగారం. పల్లవి రెండోసారి ఎత్తుకోకుండా ఉంటే సరిపోయేది వదినా" అని ఇంకొకళ్ళు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అక్క చేతులు రెండూ జోడించింది.

"అవునమ్మా, మతి ఎక్కడో పెట్టుకుని లెక్క తప్పాను. అందరూ క్షమించాలి" అంది. ఆ బొంగురు గొంతు విని, పాడి పాడి అలిసిపోయిందనుకున్నారు అందరూ. నేను ముందుకెళ్ళి కాదని ఒక్కమాట అనాలి కదా. నాకు నోరెక్కువని చెప్పాను కదా, ఆ నోరు అప్పుడు పెగలలేదు.

మర్నాడు పొద్దున్న కూడా గోడవతల పాట లేదు. కుక్కర్ కూత తప్ప ఏమీ వినపడలేదు. నేను పెరటి గుమ్మంలోంచి వెళ్ళాను. అక్క ఆవకాయకి కాయలు తుడుస్తోంది. నేను పక్కన కూలబడి ఏడవడం మొదలుపెట్టాను. ఆవిడ నా వైపు చూడకుండా ఒక గుడ్డ నా ఒళ్ళోకి విసిరింది.

"ఏడిస్తే కాయలు తడుస్తాయి. తుడువు. ఆ పాట ఎప్పటిది?"

"పోయినేడుది. మన అరుగు మీద..."

"అనుకున్నాను. నువ్వు తప్పినరోజుది."

"నేను తప్పానా?"

"తప్పావు. విప్పేటప్పుడు. అందుకే మళ్ళీ ఎత్తుకున్నాను. నువ్వు తప్పినట్టు నీకే తెలియలేదు, అంత మెల్లగా సర్దేశాను" అంది. చెబుతుంటే ఆవిడ మొహంలో ఒక రకమైన సంతోషం, పని బాగా చేసినవాళ్ళ సంతోషం. "నిన్న ఆ చోటు వస్తోందని జ్ఞాపకమొచ్చి చెయ్యెత్తాను. నువ్వు చూడలేదు."

"నేను అందరికీ చెప్పేస్తానక్కా. పాట నేనే వేయించానని, లెక్క నీది కాదని."

అప్పుడు తలెత్తింది. "ఏమని చెప్తావే? మా అక్క గొంతు పోయిందనా?"

నేను చేతిలో ఉన్న కాయనే మళ్ళీ మళ్ళీ తుడిచాను.

"లెక్క తప్పిందంటే అననీ. ఎవరికైనా తప్పుతుంది. గొంతు వచ్చేసిందనుకుంటున్నారుగా, అలాగే అనుకోనీ. అది కూడా లేదంటే నేను ఎవరినే ఈ ఊళ్ళో?" అంది. కోపంగా కాదు, నిజంగా నన్నడుగుతున్నట్టు. తర్వాత మళ్ళీ కాయ తుడవడంలో పడింది. "నీమీద నాకు కోపం లేదనుకోకు. ఉంది. చాలా ఉంది. కానీ ఎవరికీ చెప్పకు. నా మీద ఒట్టే."

ఆ ఒట్టు నన్ను కట్టిపడేసింది. నిజం చెబితే ఆవిడకి మిగిలిన ఒక్కటీ నేనే లాగేసుకున్నట్టు. చెప్పకపోతే ఆవిడ నెత్తిన పెట్టిన తప్పు అలాగే ఉంటుంది. ఎటు చూసినా నష్టం ఆవిడకే, చేసిందేమో నేను. పెరటి గుమ్మంలోంచి ఎలా వెళ్ళానో అలాగే తిరిగొచ్చాను.

ఇప్పుడు తొలకరి పడి నాట్లు మొదలయ్యాయి. మొన్న మా జట్టు ఆడవాళ్ళంతా మా అరుగు మీద చేరారు. వీడియో చూసి గోదావరి అవతలి ఊళ్ళోవాళ్ళు శ్రావణమాసంలో వాళ్ళ గుడి దగ్గర ఆడమని కబురు పంపారట. జడ చిక్కుపడ్డ భాగం వీడియోలో కోసేశారు, పాట మాత్రం ఉంది. ఆ గొంతు కావాలన్నారట. అక్క కూడా వచ్చి అరుగు చివర, తన చోట కూర్చుంది. ఈసారి వద్దంటుందేమోనని చూశాను. వద్దనలేదు. వద్దంటే కారణం చెప్పాలి మరి. అంటే మళ్ళీ పెన్‌డ్రైవ్, మళ్ళీ కట్టేసిన మైకు, దాని ముందు మళ్ళీ ఆవిడ.

"అన్నీ బాగున్నాయి కానీ, ఆ లెక్కొక్కటీ చూసుకోవాలి. మళ్ళీ పరాయి ఊళ్ళో నవ్వులపాలు కాకూడదు" అంది వెనక వరసలో ఒకావిడ, ఆరోజు నవ్విన ఇద్దరిలో ఒకతి. మిగతావాళ్ళు నా వైపు తిరిగారు. "మేమంటే బాగోదు. జట్టుకి ముందున్నదానివి, తోడికోడలివి, నువ్వే చెప్పు మీ అక్కకి."

నేను అక్క వైపు చూశాను. ఆరోజు తీర్థంలో చూడలేకపోయిన మొహాన్ని ఇప్పుడు చూడక తప్పలేదు. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. నేనెక్కడ నిజం కక్కేస్తానోనని ఆవిడ భయం. తల చాలా కొంచెంగా ఊపింది, చెప్పమన్నట్టు.

"అక్కా, ఈసారి పల్లవి రెండోసారి ఎత్తుకోకు" అన్నాను.

"అలాగేనే" అంది అక్క. "ఇక ఎవరికోసమూ ఆగనులే."

అందరూ నవ్వారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వాను.